మొగ దగ్గర తెల్ల లంగరు

నేను ఒక లంగరుని. మనిషికంటే పొడుగు, ఎడ్లు కూడా విసుక్కునేంత బరువు, ఒంటినిండా తెల్ల రంగు. ఆస్ట్రేలియా తూర్పు తీరంలో ట్రెంబత్ హార్బర్ అని ఒక చిన్న ఊరుంది. ఆ ఊరి చివర, సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాతికొమ్ము మీద నా కాపురం. నన్ను చూడ్డానికి వచ్చేవాళ్ళంతా నేను ఇంగ్లండులో పుట్టాననుకుంటారు. కాస్త పాతబడ్డ వస్తువు ఏది కనపడినా అది ఇంగ్లండు నుంచే దిగి ఉంటుందని ఈ ఊరివాళ్ళ గట్టి నమ్మకం. నేను పుట్టింది గోదావరి పాయ ఒడ్డున, కోరంగి పక్కన తాళ్ళరేవులో.

ఆ రోజుల్లో తాళ్ళరేవులో ఓడలు కట్టేవాళ్ళు. కొయ్యపని వడ్రంగులది, ఇనపపని కమ్మరులది. మూలాచారి అనే కమ్మరి ఇనప కడ్డీల్ని కట్టలు కట్టి, కొలిమిలో ఎర్రగా కాల్చి, కొడుకుల చేత సమ్మెట దెబ్బలు వేయించి నన్ను తయారుచేశాడు. పని పూర్తయ్యాక నా నడుము మీద తన గుర్తు కొట్టాడు. ఒక సమ్మెట, దాని కింద చిన్న పడవ. తర్వాత నా మెడలోని కడియాన్ని ఒకసారి లాగి చూసి, "ఇది పట్టుకుందంటే ఒదలదండి బాబూ. ఎప్పుడైనా ఒదిలిందంటే అది తాడు తప్పు, నా తప్పు కాదు" అన్నాడు. ముందుచూపున్న మనిషి.

నన్ను ఎక్కించిన ఓడ పేరు లేడీ హారియట్. ఓడ మద్రాసు షావుకారుది, కళాసులు తాళ్ళరేవు వాళ్ళు, పెత్తనం మాత్రం కెప్టెన్ జోసయా ట్రెంబత్ గారిది. మద్రాసు సైన్యానికి గుర్రాలు కావాలి, గుర్రాలేమో సిడ్నీలో ఉన్నాయి. అందుకని బయలుదేరాం. కెప్టెన్ గారికి సముద్రం గురించి చాలా అభిప్రాయాలు ఉండేవి. మధ్యాహ్నం భోజనమై, రెండు గ్లాసుల బ్రాందీ పడ్డాక అవి ఇంకా పెరిగేవి.

అలాంటి ఒక మధ్యాహ్నం దూరంగా ఒక కొండకొమ్ము, దాని పక్కన నదినోరు కనపడ్డాయి. కెప్టెన్ గారు దుర్భిణీలో చూసి, "అదే సిడ్నీ. లోపలికి పోనివ్వండి" అన్నాడు. వెనక దక్షిణపు గాలి ఈడ్చి కొడుతోంది. నది సముద్రంలో కలిసే నోటిని మా గోదావరి వాళ్ళు మొగ అంటారు. మొగ అన్నాక నీళ్ళ కింద ఇసుక మేట ఉంటుందని కోరంగిలో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. కళాసుల పెద్ద, సారంగు గంగన్న పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"దొరగారండీ, ముందర తెల్లగా నురుగు కనపడతంది. మేటండి అది. ఇక్కడే లంగరేసేద్దావండి."

"నాకు సముద్రం నేర్పిస్తున్నావా?" అన్నాడు కెప్టెన్.

నేర్పించడానికి అట్టే సమయం పట్టలేదు. ఓడ మేట ఎక్కి కూర్చుంది. అడుగు చీలిపోయాక కెప్టెన్ గారికి జ్ఞానోదయమై, లంగరు వెయ్యమని ఆజ్ఞ ఇచ్చాడు. గంగన్న నన్ను వదిలాడు. నేను నేలని పట్టుకున్నాను. నిజంగా పట్టుకున్నాను, మూలాచారి మీద ఒట్టు. తాడే తెగింది.

గంగన్నా, ఇంకొందరు కళాసులూ ఒడ్డు చేరలేదు. మిగిలినవాళ్ళని ఎవరు కాపాడారంటే, అప్పటికే అక్కడ కాపురాలుంటూ ఒడ్డున చేపలు కాల్చుకుంటున్న మనుషులు. ఈ నేల తొలి మనుషులు వాళ్ళు. చెట్టు బెరడుతో చేసిన పడవల్లో, రాతికొమ్ము అంచు వెంట లోతైన దారిలో వచ్చి, మునిగేవాళ్ళని ఒక్కొక్కర్నే జుట్టు పట్టుకుని లాగారు. కెప్టెన్ని కూడా అలాగే లాగారు. ఇసుకలో కూలబడ్డ కెప్టెన్ మొదట అడిగిన మాట, "ఇది సిడ్నీయేనా?" వాళ్ళకి ఆ భాష తెలియదు. ఆకలితో ఏదో అంటున్నాడనుకుని ఒక చేప ఇచ్చారు.

ప్యాంటు ఆరాక కెప్టెన్ లేచి నిలబడి, నదికి తన పేరు పెట్టాడు. కొమ్ముకి తన భార్య పేరు, దూరంగా కనపడే కొండకి ఓడ షావుకారు పేరు పెట్టాడు. షావుకారుకి ఓడ పోయిందన్న కబురు చెప్పాలి కదా, కొండ పనికొస్తుందనుకున్నాడు కాబోలు. ఒడ్డుకి కొట్టుకొచ్చిన కళాసుల శవాల్ని ఇసుక దిబ్బల్లో పూడ్చారు. వాళ్ళ మీద ఇప్పుడు కారవాన్ పార్కు ఉంది. సెలవులకి వచ్చినవాళ్ళు అక్కడ మాంసం కాల్చుకుంటారు.

నేను చాలా ఏళ్ళు నీళ్ళ అడుగునే ఉన్నాను. ఊరు ఎలా పెరిగిందో నా నెత్తి మీదుగా పోయే సరుకుని బట్టి తెలిసేది. మొదట ఎర్ర దేవదారు దుంగలు పోయాయి. చెట్లు అయిపోయేదాకా కొట్టి, తర్వాత చెట్లు ఏమయ్యాయని ఆశ్చర్యపోయారు. తర్వాత తిమింగలం నూనె. అవీ రావడం మానేశాయి. కొన్నాళ్ళు వెన్న డబ్బాలు పోయాయి, కొన్నాళ్ళు చేపల డబ్బాలు. చేపలిచ్చి ఆదుకున్న మనుషుల్ని మాత్రం ఊళ్ళోంచి కదిపి, ఉప్పునీటి మడుగు అవతలికి తోలేశారు. ఆ పనికి ఏ ఓడా అక్కర్లేకపోయింది.

ఒకరోజు జాలర్ల వల నాకు తగులుకుంది. పెద్ద చేప అనుకుని సంబరపడ్డారు, నన్ను చూసి తిట్టుకున్నారు. ఊళ్ళోకి చేర్చుదామని ఎడ్లు కట్టి లాగించారు. ఎడ్లు కొమ్ము మీదికి ఎక్కాక ఇంక రామన్నాయి. అక్కడే వదిలేశారు. ఈ ఊళ్ళో చాలా గొప్ప నిర్ణయాలు ఇలాగే జరిగాయి. చర్చికి పూయగా మిగిలిన తెల్ల రంగు ఎవరో నాకు పూశారు.

అప్పుడొక వింత బయటపడింది. సముద్రం మీంచి వచ్చేవాడికి నేనూ, నా వెనక దూరంగా గుట్ట మీదున్న చర్చి శిఖరమూ ఒకే గీతలో కనపడితే, ఆ గీత సరిగ్గా లోతైన దారి మీదుగా పోతుంది. బెరడు పడవలు వచ్చిన దారే అది. రాతి అంచుని ఆనుకుని ఉంటుంది కాబట్టి ఇసుక ఎటు జరిగినా ఆ దారి జరగదు. గీత తప్పితే ఒక పక్క రాయి, ఒక పక్క మేట. ప్రభుత్వం వాళ్ళు గుర్తు స్తంభాలు పాతుతామని మాత్రం ఇవాళ్టికీ చెబుతూనే ఉన్నారు. ఈలోగా ఊరి జాలర్లంతా చర్చిని నా నెత్తిన పెట్టుకుని లోపలికి రావడం అలవాటు చేసుకున్నారు. ఆదివారం చర్చి గడప తొక్కని మనిషి కూడా పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ దాన్ని అలా చూసుకునేవాడు. తాత తండ్రికి చెప్పలేదు, తండ్రి కొడుక్కి చెప్పలేదు. కళ్ళు వాటంతటవే వెతుక్కునేవి. ఏ పడవనీ పట్టుకోలేకపోయిన లంగరుకి ఇంతకంటే గౌరవం ఏం కావాలి? నాకు మహా గర్వంగా ఉండేది.

ఇప్పుడు నోర్మన్ ట్రెంబత్ గురించి చెప్పాలి. కెప్టెన్ గారి వంశాంకురం. నలభై ఏళ్ళు చేపలు పట్టి, నా నెత్తిన చర్చిని పెట్టుకుని క్షేమంగా ఇల్లు చేరిన మనిషి. మంచివాడే. పడవ అమ్మేసి ఇంట్లో కూర్చున్నాకే చెడిపోయాడు. చరిత్ర సంఘం పెట్టి, దానికి తానే అధ్యక్షుడై, గడ్డం కూడా కెప్టెన్ బొమ్మలో ఉన్నట్టే కత్తిరించుకున్నాడు. నా నడుము మీది సమ్మెటనీ పడవనీ భూతద్దంతో చూసి, అది రాజదండం, నెలవంక, ట్రెంబత్ వంశ చిహ్నం అని తేల్చాడు. మూలాచారి వింటే సమ్మెట పట్టుకుని వచ్చేవాడు. ఒకసారి యానాం నుంచి వచ్చిన ఒకాయన నన్ను ఆనుకుని ఫోటో దిగుతూ భార్యతో, "ఇలాంటియి మన ఏటిగట్టున తుప్పట్టి బోల్డు పడున్నాయి కదే, దీనికోసవా ఇంతదూరం నడిపించావు?" అన్నాడు. అన్నేళ్ళ తర్వాత తెలుగు మాట చెవిన పడిందన్న సంతోషంలో నాకు కోపం కూడా రాలేదు.

ఊరి పుట్టినరోజు పండగ దగ్గరపడింది. చారిత్రక వాతావరణం ఉంటుందని మీటింగులు నా చుట్టూ కుర్చీలు వేసుకుని పెట్టారు. నోర్మన్‌కి ఎదురుగా డెల్ఫీన్ కార్‌మోడీ కూర్చునేది. బెరడు పడవల వాళ్ళ మనవరాలి మనవరాలు. వాళ్ళలో పెద్దావిడని చుట్టరికం లేకపోయినా ఆంటీ అనడం మర్యాద, అందుకని ఊరందరికీ ఆంటీ డెల్. ఆమె చిన్నతనంలో ఊరి ఈతకొలనులోకి వాళ్ళ పిల్లల్ని రానిచ్చేవాళ్ళు కాదు. దాంతో మొగలో ఈత నేర్చుకుంది. ఇప్పుడు సముద్రంలో చిక్కుకున్నవాళ్ళని కాపాడే పడవ ఆమె చేతిలో ఉంది. ఆమె నవ్వితే నా కడియం అదిరేది.

"లంగరు పక్కన పెట్టే బోర్డు మీద 'ఈ తీరాన్ని కనిపెట్టిన కెప్టెన్' అనే రాయాలి" అన్నాడు నోర్మన్.

"కనిపెట్టడమేంటి నోర్మన్? మేం అక్కడే కూర్చుని చేపలు కాల్చుకుంటున్నాం. కాస్త ఆగి అడిగుంటే ఇది సిడ్నీ కాదని మేమే చెప్పేవాళ్ళం."

"ఆ సిడ్నీ కథ మా వంశాన్ని వెక్కిరించడానికి మీవాళ్ళు అల్లింది."

"మా అమ్మమ్మకి వాళ్ళ అమ్మమ్మ చెప్పింది. ఆయన ఆ ఒక్క మాటే పట్టుకుని రెండ్రోజులు అడిగాడట. సరే, బోర్డు నీ ఇష్టం. నాటకం వేస్తున్నావుగా, అందులో మావాళ్ళు మీ కెప్టెన్ని జుట్టు పట్టుకుని లాగే సీను పెట్టు. ఆ వేషం నేనే కడతా."

నోర్మన్ ముఖం గంటు పెట్టుకున్నాడు. "పిల్లాపాపలతో వస్తారు డెల్, మునగడాలూ లాగడాలూ బాగుండవు. కెప్టెన్ హుందాగా ఒడ్డు దిగుతాడు. కావాలంటే మీవాళ్ళు ఒడ్డున నిలబడి చేతులూపొచ్చు."

"చేతులు ఊపడానికి మాకేం పనిలేదా?" అని డెల్ లేచి వెళ్ళిపోయింది.

ఒక్కొక్క మాట మీద వారాల తరబడి కొట్టుకున్న ఆ జనం, ఒకే ఒక్క విషయంలో నోరెత్తకుండా ఒప్పుకున్నారు. నేనున్న చోటు పార్కింగుకి దూరం, పర్యాటకులు అంత నడవరు, కాబట్టి కొత్తగా కట్టిన సందర్శకుల కేంద్రం ముందుకి, కాఫీ కొట్టు పక్కకి నన్ను జరపాలని మేయరమ్మ అంది. నోర్మన్ చెయ్యెత్తాడు. డెల్ కూడా ఎత్తింది. చుట్టూ కూర్చున్న జాలర్లంతా ఎత్తారు. నేను గతంలో ఏం చేశానో ఇన్ని వాదనలు జరిగాయి గానీ, ఇప్పుడు ఏం చేస్తున్నానో ఒక్కరికీ గుర్తుకు రాలేదు. నాకు నోరుంటే ఆరోజు ఊరు దద్దరిల్లేలా అరిచేదాన్ని.

పండగ ముందురోజు క్రేను వచ్చింది. నన్ను ఎత్తి, ఒడ్డు వెంబడే ఉత్తరంగా తీసుకుపోయి, సిమెంటు దిమ్మ మీద నిలబెట్టింది. పక్కన బోర్డు పాతి, నాకు కొత్తగా రంగు పూశారు. పండగ కదా అని పడవలన్నీ రేవులో కట్టేసి ఉన్నాయి. అందుకని తేడా ఎవరికీ తెలిసే వీలు లేకపోయింది.

మర్నాడు పొద్దున్నే నోర్మన్ కెప్టెన్ వేషం కట్టాడు. పొడుగు జుట్టు విగ్గు, పాత కర్టెన్లతో కుట్టిన నీలం కోటు. భార్య బెవ్‌ది కెప్టెన్ భార్య వేషం. అసలు కెప్టెన్ భార్య ఆ ఓడలోనే లేదు, కానీ పడవలో ఒక ఆడమనిషి ఉంటే ఫోటోలకి అందంగా ఉంటుందని నోర్మన్ అన్నాడు. బెవ్‌కి ఈత అంతంతమాత్రం. "ఈ నీళ్ళ మీది వేషాలు వద్దు నోర్మన్. లైఫ్ జాకెట్ లేకుండా నేను ఎక్కను" అంది.

"గౌను కింద వేసుకో. పైకి కనపడకూడదు. కెప్టెన్ కాలంలో అవి లేవు."

కెప్టెన్ కాలంలో లేవు కాబట్టి నాటకం కోసం తెచ్చిన పడవలో రేడియో లేదు, దారి చూపించే జీపీఎస్ తెరలేవీ లేవు. మోటారు ఒక్కటే ఉంది, దాన్ని గోనె పట్టా కింద దాచాడు. నదిలోంచి బయటికి పోయేటప్పుడు రాతి అంచు పక్కనే ఉంది కాబట్టి ఇబ్బంది రాలేదు. దూరంగా వెళ్ళి, పడవ తిప్పి, చుక్కాని పట్టుకుని ఠీవిగా నిలబడ్డాడు. దక్షిణపు గాలి వీచి వెలిసింది గానీ అల ఇంకా పెద్దదిగానే ఉంది. ఒడ్డునిండా జనం. మైకులో మేయరమ్మ.

నోర్మన్ కనుబొమల మీద చెయ్యి పెట్టుకుని నా కోసం వెతికాడు. కొత్త రంగులో మెరిసిపోతున్నాను కదా, ఇట్టే దొరికాను. పడవ కాస్త పక్కకి జరిగింది, ఇంకాస్త జరిగింది. చర్చి శిఖరం నా నెత్తిన వచ్చి కూర్చుంది. అప్పుడు నేరుగా నా వైపు బయలుదేరాడు. నలభై ఏళ్ళ నమ్మకం ఆ మనిషిది. నన్ను కదిపించింది తానేనని తల మరిచిపోయింది, నన్ను చూసి దారి పట్టాలని కళ్ళు మరిచిపోలేదు. వద్దురా నాయనా, నేను నా చోట్లో లేనురా అని మొత్తుకున్నాను. ఇనుము మొత్తుకోళ్ళు ఎవరికి వినపడతాయి?

డెల్ అప్పుడు నన్ను ఆనుకుని సాసేజ్ తింటోంది. పడవ తిన్నగా తన వైపే రావడం చూసి నవ్వబోయింది. అంతలో వెనక్కి తిరిగి గుట్ట మీది శిఖరం చూసింది, నన్ను చూసింది, మళ్ళీ పడవని చూసింది. "ఓరి దేవుడా! చర్చిని నెత్తిన పెట్టుకుని వస్తున్నాడు!" అని తిండి పారేసి తన పడవ దగ్గరికి పరిగెత్తింది.

నోర్మన్ పడవ మేట ఎక్కింది. వాళ్ళ కెప్టెన్ ఎక్కిన మేటే. వెనక నుంచి అల వచ్చి పడవని బోర్లేసింది. జనం చప్పట్లు కొట్టారు. "ఎంత సహజంగా చేస్తున్నారో చూడండి!" అంది మేయరమ్మ మైకులో.

డెల్ రాతి అంచు వెంట వెళ్ళింది. నోర్మన్ ఒక చేత్తో పడవని పట్టుకుని, రెండో చేత్తో నీళ్ళలో దేవులాడుతూ "బెవ్! బెవ్!" అని అరుస్తున్నాడు. బెవ్ పడవ కింద ఉండిపోయింది. గౌను నీళ్ళు తాగి బరువెక్కింది, లోపలి జాకెట్ ఆమెని పైకి తేల్చి బోర్లాపడ్డ పడవకే అదిమి పెట్టింది. డెల్ దూకి, ఆమెని బయటికి లాగి తన పడవలో వేసింది. తర్వాత నోర్మన్ జుట్టు పట్టుకుంది. విగ్గు చేతిలోకి వచ్చేసింది. కాలరు పట్టుకుని లాగింది.

ఒడ్డు మీద బెవ్ కదల్లేదు. చప్పట్లు ఆగిపోయాయి. డెల్ ఆమె ఛాతీ మీద చేతులు పెట్టి నొక్కుతూ ఉంది. కర్టెన్ కోటు కారుతూ ఉంటే నోర్మన్ ఆ పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని, బెవ్ చెప్పులు పట్టుకుని ఏడుస్తున్నాడు. గంగన్న పోయిన రోజు నేను నీళ్ళ కింద ఉన్నాను, చూడలేదు. ఈసారి చూడాల్సి వచ్చింది. నా వల్లే అనిపించింది, నా వల్ల కాదని తెలిసినా.

బెవ్ దగ్గింది. నీళ్ళు కక్కి, కళ్ళు తెరిచి, "నోర్మన్, నేను వద్దన్నానా లేదా?" అంది.

డెల్ ఇసుకలో వెల్లకిలా పడి ఊపిరి పీల్చుకుంది. "చేతులు ఊపుతూ నిలబడి ఉంటే ఏమయ్యేది నోర్మన్?" అంది. నోర్మన్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు, అంతే.

మర్నాడు ఏ మీటింగూ లేకుండానే క్రేను తిరిగి వచ్చింది. నోర్మన్ డెల్ పడవలో మొగ బయటికి వెళ్ళి, అక్కడ నుంచి రేడియోలో, "ఇంకాస్త దక్షిణానికి... ఇంకొంచెం... ఆగు!" అని చెబుతుంటే నన్ను పాత చోట్లో దింపారు. శిఖరం నా నెత్తిన కూర్చుంది. ఎడ్లు మొరాయించిన చోటుని ఇంత జాగ్రత్తగా వెతుక్కోవడం ఊరి చరిత్రలో అదే మొదలు. బోర్డు మాత్రం కాఫీ కొట్టు దగ్గరే ఉండిపోయింది, ఖాళీ సిమెంటు దిమ్మతో సహా. దానికి కూడా పర్యాటకులు వస్తారు. బోర్డు శ్రద్ధగా చదివి, దిమ్మని ఫోటో తీసుకుని, కాఫీ తాగి పోతారు.

నాటకం ఏటా నడుస్తూనే ఉంది. లోతు లేని నదిలోపలి నీళ్ళలో వేస్తారు, లైఫ్ జాకెట్లు కోటు మీదే. సారంగు గంగన్న వేషం ఇంకా ఎవరూ కట్టలేదు. ఈ ఊరి వేగం నాకు తెలుసు, తొందర పడను. ఒడ్డున నిలబడి చేతులు ఊపే వేషం బెవ్ అడిగి మరీ తీసుకుంది. డెల్ నీళ్ళలోకి దిగి నోర్మన్ విగ్గు పట్టుకుని లాగుతుంది, పిల్లలు పడీ పడీ నవ్వుతారు. నోర్మన్ ఇసుకలో కూలబడి, నీళ్ళు ఓడుతూ, ఊరంతా వినేలా అడుగుతాడు:

"ఇది సిడ్నీయేనా?"

"కాదు" అంటుంది డెల్, చేప అందిస్తూ. "అయినా వచ్చారుగా. కూర్చోండి."